‘వస్తోంది’ అన్న మాట

గువ్వ వాళ్ళింట్లో ‘వస్తోంది’ అనే మాటను ఊరికే వాడకూడదు.

గిన్నె కింద పెట్టేముందు ఆ మాట అనాలి. తలుపు గడియ తీసేముందు అనాలి. తుమ్ము ముంచుకొచ్చినా సరే, ముక్కు పట్టుకుని ముందు ఆ మాట అనేసి అప్పుడు తుమ్మాలి. అది చెవిన పడగానే గువ్వ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని, కళ్ళు మూసుకుని, మడమలు నేలకు అదిమిపెట్టి కూర్చుంటుంది. చప్పుడవుతుంది. గువ్వ కళ్ళు తెరుస్తుంది. అంతే, ఏమీ కాదు. చెప్పకుండా చప్పుడైతే మాత్రం పిల్ల కర్రలా బిగుసుకుపోయి ఎటు ఉంటే అటే పడిపోతుంది. ఊపిరి ఆగిపోతుంది. తల ముందుకు వంచి, మోకాళ్ళు కడుపులోకి మడిచి, వాళ్ళమ్మ ఒళ్ళో ముద్దలా పొదివి పట్టుకుంటే కాసేపటికి మళ్ళీ ఊపిరి అందుకుంటుంది. ఆ కాసేపు అంటే ఎంతసేపో ఆ తల్లి ఎప్పుడూ లెక్కపెట్టలేదు. లెక్కపెట్టేంత ధైర్యం ఆమెకు లేదు.

ఆ జబ్బుకు పేరైతే ఉంది. ఆమెకు నోరు తిరగదు. ఆస్పత్రిలో కూడా కాగితం చూసుకుని చదువుతారు. లక్షల్లో ఒకరికి వచ్చే జబ్బట. ఇంతమంది జనంలో దానికి నా పిల్ల ఎలా దొరికిందా అని ఆమె ఎన్నిసార్లు అనుకుందో. మొదట్లో గువ్వ పడినా లేచి పరిగెత్తేది. తర్వాత లేచి నడిచేది. ఇప్పుడు పడిన ప్రతిసారీ ఒంట్లో ఏదో ఒక మూల ఆ బిగువు అలాగే ఉండిపోతోంది. నిరుడు వీధి చివరి దాకా నడిచిన పదేళ్ళ పిల్ల, ఈ ఏడు గేటు దాకా వెళ్ళి గోడ పట్టుకుని నిలబడుతోంది.

దీనికి తోడు ఇంకో చిక్కు ఉంది. ‘వస్తోంది’ అన్నాక చప్పుడు రాకపోతే పిల్ల ఒళ్ళు బిగబట్టుకుని అలా ఎదురుచూస్తూనే ఉంటుంది. వదలమ్మా, ఏం లేదమ్మా అని ఎంత చెప్పినా ఆ ఒళ్ళు నమ్మదు. ఎక్కువసేపయితే పిక్కలు ముడేసుకుని, ఏ చప్పుడూ లేకుండానే ఊపిరి ఆగే దాకా పోతుంది. అందుకని పొరపాటున ఎవరైనా నోరు జారితే, పక్కనున్నవాళ్ళు వెంటనే ఒక్క చప్పట్టు చరిచేస్తారు. అది విని పిల్ల వదులవుతుంది.

కాబట్టి ఆ ఇంట్లో బస్సు ‘వస్తోంది’ అనరు, కనబడుతోంది అంటారు. వాన వస్తోంది అనరు, మబ్బు పట్టింది అంటారు. నిద్ర వస్తోంది అనరు, కళ్ళు మూసుకుపోతున్నాయి అంటారు. ఏడుపు వస్తోంది అనడానికి బదులు ఏమనాలో మాత్రం ఆ తల్లికి ఇప్పటికీ తెలియదు. అందుకని ఆమె ఆ సంగతి చెప్పనే చెప్పదు.

ఆమె ఆడపడుచు, అంటే గువ్వ మేనత్త, నోరు ఆగని మనిషి. ఒకరోజు వచ్చీ రాగానే వంటింటి వైపు ముక్కు ఎగబీల్చి, “ఏదో మాడిన వాసనొస్తోందే అమ్మాయ్!” అనేసింది. గువ్వ టక్కున కుర్చీ చేతులు పట్టేసుకుంది. తల్లి పరుగున వచ్చి చప్పట్టు చరిచింది.

“బాగానే ఉంది సంబడం! మీ ఇంటికి రావాలంటే వ్యాకరణం నేర్చుకుని రావాల్సిందే” అంది ఆడపడుచు. “నా నోటికి మూతపెట్టాలంటే మీ ఇంట్లో ఉన్న మూతలన్నీ చాలవు.”

“అత్తా, నువ్వు వీధి మలుపు తిరగ్గానే నాన్న ‘వస్తోంది’ అంటాడు” అంది గువ్వ కళ్ళు తెరిచి. “అది మాత్రం తప్పు కాదట.”

ఆడపడుచు తమ్ముడి వైపు గుర్రుగా చూసింది. లిఫ్టులు బాగుచేసే ఆ పెద్దమనిషి పేపరు అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకున్నాడు. ఇంట్లో అందరూ నవ్వారు, గువ్వ వాళ్ళమ్మ తప్ప. ఆమె కళ్ళు పిల్ల పిక్కల మీదే ఉన్నాయి.

పాటల టీచరు కచేరీ సంగతి తెచ్చింది ఆ తర్వాతే. బడి గంటకు పడిపోతోందని గువ్వను బడి మాన్పించినప్పటి నుంచీ, ఆ టీచరు వారానికోసారి ఇంటికొచ్చి మెల్లని గొంతుతో పిల్ల చేత పాడించి వెళ్తుండేది.

“ఈ జబ్బు మీద పరిశోధన చేసే డాక్టరమ్మ ఒకావిడ ఉన్నారు. డబ్బుల్లేక ఆ పని ఆగిపోయేలా ఉంది. మా స్నేహితులందరం కలిసి కచేరీ పెడదామనుకుంటున్నాం. టిక్కెట్ల డబ్బంతా ఆ పరిశోధనకే” అంది టీచరు. “గువ్వ వేదిక మీద కూర్చుంటే చాలు. ఆ జబ్బు పేరు జనానికి గుర్తుండదు. పిల్ల ముఖం గుర్తుంటుంది.”

“అయ్యబాబోయ్, హాలా?” అంది గువ్వ వాళ్ళమ్మ. “అంతమంది చప్పట్లు కొడితే నా పిల్ల బతుకుతుందా టీచరుగారూ?”

“కొట్టొద్దని ముందే చెబుదామమ్మా.”

“చెబితే వింటారా? జనం కదా!”

“అమ్మా, నేను వెళ్తా” అంది గువ్వ. “నిండుగా ఉన్న హాలు ఎప్పుడూ చూళ్ళేదు. ఒక్కసారి చూస్తా.”

తల్లి టీచరు ముఖంలోకి చూసి, “మందు దొరుకుతుందా?” అని అడిగింది.

“దానికోసమే కదమ్మా పరిశోధన.”

ఆ ‘దానికోసమే’ అన్న మాటను ఆమె కొంగున ముడేసుకుంది. ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి. డబ్బులు కట్టాక వస్తువు ఇవ్వని కొట్టు ఉంటుందని ఆమెకు తోచలేదు. పాటల రోజున డాక్టరమ్మ మందు సంగతి చూస్తారని గువ్వకూ చెప్పింది.

ఇక అప్పటినుంచీ ఆమెకు కునుకు లేదు. ఆమె పనిచేసేది పెద్ద హోటలు లాండ్రీలో. ఆవిరి ఇస్త్రీ యంత్రం బుస్సుమంటుంటే, దుప్పట్లు రోలరు మింగి అవతల కక్కుతుంటే, ఆ గోలలో నిలబడి చేతులు దుప్పట్లు మడిచేవి. మనసు మాత్రం హాల్లోనే తిరుగుతుండేది. పైనున్న లైటు ఊడి పడితే? మైకు కీచుమంటే? ఎవరి ఒళ్ళోనైనా చిన్నపిల్ల బుడగ పేల్చితే? పొడి దగ్గు మనిషి ముందు వరసలో కూర్చుంటే? మడతకుర్చీ ఎవరైనా టపీమని మూస్తే? ఒక్కో భయం పుట్టినప్పుడల్లా పని అవగానే టీచరుకు ఫోను చేసేది. టీచరు ఓపిగ్గా వినేది. కుర్చీలు మడతవి వద్దనుకున్నారు. డ్రమ్ములు వద్దనుకున్నారు. తలుపులకు మడిచిన గుడ్డ పెట్టి, నాన్న అక్కడే కాపలా ఉంటాడనుకున్నారు. “మీరు సైన్యంలో ఉండాల్సిందమ్మా” అంది టీచరు ఒకసారి.

చప్పట్లకు ఉపాయం ఆమెకే తట్టింది. లాండ్రీలో చిరిగిపోయిన తెల్ల దుప్పట్లు మూటలు మూటలుగా పడుంటాయి. అవి చించి చేతిరుమాళ్ళు చేస్తే? ప్రతివాళ్ళ చేతిలో ఒక రుమాలు పెడితే, చప్పట్లకు బదులు అది ఊపుతారు. చెయ్యి ఖాళీగా ఉంటేనే కదా కొట్టేది!

“హోటలు మొత్తం రుమాళ్ళు చేసేస్తావా ఏంటి గువ్వ వాళ్ళమ్మా?” అని నవ్వింది లాండ్రీ సూపర్‌వైజరు. అయినా కాదనలేదు. తిండివేళల్లో ఒకరు చించితే ఒకరు అంచు కుట్టారు. ఇస్త్రీ మాత్రం ఆమె ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఒక్కో రుమాలూ నాలుగు మడతలు వేసి వేడిగా నొక్కుతూ, కొట్టకండి బాబూ, కొట్టకండి తల్లీ అని లోలోపల చెప్పుకుంటూ పోయింది.

ఇన్ని తలుచుకున్న మనిషికి ఆ ఒక్కటీ తట్టలేదు. ‘వస్తోంది’ అన్న మాట సంగతి హాలు వాళ్ళకు చెప్పాలని. అది ఆమెకు ఊపిరి పీల్చుకోవడం లాంటిది. ఊపిరి ఎలా పీల్చుకోవాలో ఎవరు ఎవరికి చెబుతారు?

కచేరీ రోజు సాయంత్రం వేదిక వెనక గదిలో డాక్టరమ్మ కనబడింది. మామూలు బట్టలు, నలిగిన సంచి, కళ్ళజోడు కాడకు అతికించిన టేపు. గువ్వ వాళ్ళమ్మ రెండు చేతులూ జోడించి నిలబడింది.

“డాక్టరుగారూ, ఇవాళ డబ్బులు అందేస్తాయి కదండీ. ఇక మందు ఎప్పుడిస్తారు? ఎండాకాలానికి అవుతుందా?”

డాక్టరమ్మ ఆమెను కూర్చోమంది. తనూ కూర్చుంది.

“అమ్మా, ఈ డబ్బు మందు కొనడానికి కాదు. మందు ఎక్కడా లేదు. ఒంట్లో ఏది చెడిపోతే ఇలా అవుతుందో అదే ఇంకా సరిగ్గా తెలియదు. అది వెతకడానికి.”

“వెతుకుతారు కదా. దొరుకుతుంది కదా.”

“దొరకొచ్చు. దొరికాక మందు తయారవ్వాలి. అది పనిచేస్తుందో లేదో చూడాలి.”

“ఎన్నాళ్ళు?”

“మీకు అబద్ధం చెప్పనమ్మా. అన్నీ బాగా జరిగితే పది పదిహేనేళ్ళు. జరక్కపోనూవచ్చు.”

గువ్వ వాళ్ళమ్మ గేటు దాకా నడిచి గోడ పట్టుకునే పిల్లను తలుచుకుంది. వీధి చివరి నుంచి గేటు దాకా రావడానికి ఒక్క ఏడు పట్టింది. గేటు నుంచి మంచం దాకా ఎంత దూరమని?

“అంటే... ఇది మా గువ్వకు కాదన్నమాట” అంది.

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. అంతలో టీచరు తలుపు మెల్లగా తోసి, “రండమ్మా, మొదలుపెడదాం” అంది. ఇంటికి తీసుకుపోతాను అందామనుకుంది ఆ తల్లి. కానీ గువ్వ అప్పటికే టీచరు తెప్పించిన చక్రాల కుర్చీలో వేదిక మీదకు చేరి, తెర సందులోంచి హాలు చూస్తోంది. “అమ్మా, ఎంతమందో! అందరి చేతుల్లో మన రుమాళ్ళే!” అంది గుసగుసగా. ఆ ముఖం చూశాక తల్లి వెళ్ళి కుర్చీ వెనక నిలబడింది.

కచేరీ బాగా జరిగింది. అందులో మాత్రం ఏ లోటూ లేదు. టీచరు ముందే జనానికి చెప్పింది, దయచేసి చప్పట్లు వద్దు, ఈ రుమాళ్ళు ఊపండి, ఇవి ఈ పాప వాళ్ళమ్మ చేసినవి అని. వేదిక మీద ఓ పక్కన గువ్వ, గువ్వ వెనక తెర చాటున వాళ్ళమ్మ. ప్రతి పాట మొదలయ్యే ముందు ఆమె వంగి “వస్తోంది” అనేది. గువ్వ పట్టుకునేది. పాట మెల్లగా అందుకునేది. గువ్వ వదిలేది. పాట అయ్యాక హాలంతా తెల్లగా లేచి రెపరెపలాడేది. పావురాల గుంపు ఒక్కసారి లేచినట్టుండేది. చప్పుడు లేదు. తలుపు దగ్గర నాన్న కూడా రెండు చేతులా రెండు రుమాళ్ళు ఊపుతున్నాడు. ముందు వరసలో మేనత్త నోటికే రుమాలు అడ్డం పెట్టుకుని కూర్చుంది.

గువ్వ నవ్వుతోంది. ఆ నవ్వు చూసినప్పుడల్లా తల్లికి పదిహేనేళ్ళు అన్న మాట గుర్తొస్తోంది. పాటలు వేటి మీదో ఆమెకు ఒక్కటీ తెలియలేదు.

చివర్లో టీచరు డాక్టరమ్మను గువ్వ దగ్గరకు తీసుకొచ్చింది. మైకు పిల్ల ముఖం దగ్గర పెట్టి, “డాక్టరుగారికి ఒక మాట చెప్పమ్మా” అంది. అది అనుకున్నదే. థాంక్స్ చెప్పమని ఇంట్లో నేర్పించారు కూడా.

గువ్వ డాక్టరమ్మ సంచి వైపు చూసింది.

“మందు తెచ్చారా?” అంది.

హాలంతా ఆ మాట విన్నది. వెనక గదిలో ఆ తల్లికి నిజం చెప్పగలిగిన డాక్టరమ్మ, ఆ పిల్ల కళ్ళలోకి చూస్తూ చెప్పలేకపోయింది. మోకాళ్ళ మీద కూర్చుని, గువ్వ చెయ్యి పట్టుకుని, చాలా ముద్దుగా అంది.

“వస్తోంది తల్లీ. వస్తోంది.”

గువ్వ ఆ చెయ్యి వదిలించుకుంది. కుర్చీ చేతులు పట్టుకుంది. కళ్ళు మూసుకుంది. మడమలు అదిమిపెట్టింది.

డాక్టరమ్మకు అర్థం కాలేదు. పిల్ల సంతోషంతో కళ్ళు మూసుకుందనుకుంది కాబోలు, తల నిమిరింది. టీచరు కళ్ళు తుడుచుకుంటోంది. హాల్లో జనం ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. ఎవరూ ఏ చప్పుడూ చెయ్యడం లేదు. చెయ్యొద్దని అంత గట్టిగా చెప్పింది ఎవరు మరి?

గువ్వ ఎదురుచూస్తోంది. ఆ పెదాలు బిగుసుకోవడం, మెడ నరం లేవడం తెర చాటు నుంచి తల్లి చూసింది. పిక్కలు చూసింది. గట్టిపడుతున్నాయి. ఇంకాసేపు పోతే అవి ముడేసుకుంటాయి. ఏమీ లేదు తల్లీ, వదిలెయ్ అంటే ఆ ఒళ్ళు వినదు. ఏదో ఒకటి రావాలి. ఆ వచ్చేది పదిహేనేళ్ళకు గానీ రాదు. అసలు రాకపోవచ్చు.

ఆమె ఇంట్లో చేసే పనే చేసింది. తెర చాటు నుంచి ఇవతలికి వచ్చి, పిల్ల పక్కన నిలబడి, చిన్నగా ఒక్క చప్పట్టు చరిచింది.

మైకు అక్కడే ఉంది. ఆ ఒక్క చప్పట్టు హాలంతా మోగింది. గువ్వ ఒక్కసారి ఉలిక్కిపడి, ఊపిరి వదిలి, కళ్ళు తెరిచింది. చేతులు వదులయ్యాయి. “నువ్వే కొట్టావేంటమ్మా?” అని నవ్వబోయింది.

సాయంత్రం నుంచీ చేతులు కట్టేసుకుని కూర్చున్న జనం వాళ్ళు. పాప వాళ్ళమ్మే వచ్చి చప్పట్లు మొదలుపెట్టిందనుకున్నారు. ఇక కొట్టొచ్చన్నమాట అనుకున్నారు. రుమాళ్ళు ఒళ్ళోంచి జారిపోయాయి. హాలు హాలంతా ఒక్కసారిగా కొట్టింది.

‘వస్తోంది’ అనడానికి ఆమె నోరు తెరిచింది. అప్పటికే వచ్చేసింది.

గువ్వ కుర్చీలోంచి ముందుకు కర్రలా వాలింది. పిల్ల తల నేలకు తగలకుండా తల్లి తన మోకాళ్ళు అడ్డం పెట్టింది. కింద కూర్చుని ఒళ్ళోకి లాక్కుంది. తల వంచింది. మోకాళ్ళు మడిచింది. మడత పడటం లేదు. రెండు చేతులూ పిల్లకే సరిపోయాయి, ఆపండి అని ఎత్తి చూపడానికి మూడో చెయ్యి లేదు. “ఆపండి, ఆపండయ్యా” అని అరుస్తూనే ఉంది. ఆ గొంతు తనకే వినబడలేదు. డాక్టరమ్మ మైకు కోసం తడుముకుంది, అది కుర్చీ కింద ఎక్కడో దొర్లిపోయింది. టీచరు రెండు చేతులూ ఊపింది. తామూ ఊపాలేమో అనుకుని కొందరు చేతులు పైకెత్తి మరీ కొట్టారు. బిడ్డను ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తున్న తల్లిని చూసి జనం మనసు కరిగిపోయింది. వరస వెనక వరస లేచి నిలబడ్డారు. నిలబడి ఇంకా గట్టిగా కొట్టారు. వాళ్ళలో చెడ్డవాళ్ళు ఒక్కరూ లేరు. ఎవరిని తిట్టుకోవాలో ఆమెకు తెలియలేదు.

మొదట గుర్తుపట్టింది మేనత్త. వెనక్కి తిరిగి, కుర్చీ ఎక్కి, “నోర్మూసుకోండి! చేతులు మూసుకోండి! పిల్ల చచ్చిపోతోంది!” అని కేక పెట్టింది. ఆ నోరు అంత పెద్దది కావడం ఆ రోజు అక్కరకొచ్చింది. తలుపు దగ్గర నుంచి తండ్రి మనుషుల్ని తోసుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. చప్పట్లు ముందు వరసలో ఆగాయి, తర్వాత మధ్యలో. ఏమైందో తెలియని వెనక వరసలో మరికాసేపు మోగి ఆగిపోయాయి.

ఆ తర్వాతి నిశ్శబ్దంలో ఊపిరి చప్పుడు కోసం తల్లి తన చెవి పిల్ల ముక్కు దగ్గర పెట్టి కూర్చుంది. అంతకంటే చెయ్యగలిగింది ఏమీ లేదు. డాక్టరమ్మ పక్కనే కూర్చుని పిల్ల మణికట్టు పట్టుకుంది. ఆవిడా అంతకంటే ఏమీ చెయ్యలేదు.

చాలాసేపటికి గువ్వ గొంతులో ఏదో సన్నగా కదిలింది.

వెనక గదిలో పిల్లను మళ్ళీ కుర్చీలో కూర్చోబెట్టారు. ముఖానికి రంగు వచ్చింది. ఎడమ కాలు మాత్రం ఇంకా వంగలేదు, కుర్చీ ముందుకు చాపి ఉంది. తండ్రి దాన్ని మెల్లగా రుద్దుతూ తల ఎత్తడం లేదు. డాక్టరమ్మ తలుపు దగ్గర నిలబడి, “నేను ఏమన్నానమ్మా? నేనేం తప్పన్నాను?” అని అడిగింది. ఆ మాట సంగతి చెప్పాలంటే మొదటినుంచీ చెప్పాలి. గువ్వ వాళ్ళమ్మకు ఆ ఓపిక లేదు. “మీ తప్పు లేదండీ” అంది. “కొట్టింది నేను.”

మేనత్త ఎవరూ అడక్కుండానే గది మూల నిశ్శబ్దంగా రుమాళ్ళు మడుస్తోంది.

“చప్పట్లు బాగున్నాయమ్మా” అంది గువ్వ. గొంతు బొంగురుపోయింది. “కాస్త విన్నా. వానలా ఉంది.”

“మాట్లాడకు తల్లీ. ఇంటికెళ్ళిపోదాం.” కుర్చీ తోయబోతూ తల్లి చూసింది. గువ్వ చేతులు రెండూ మళ్ళీ కుర్చీ చేతుల మీద బిగిసి ఉన్నాయి. వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి. “ఏంటమ్మా అది? వదులు. అయిపోయింది కదా.”

“చప్పట్లు అయిపోయాయి” అంది గువ్వ. “మందు ఇంకా రాలేదుగా. వస్తోందన్నారు డాక్టరుగారు.”

తల్లి వంగి ఒక్కో వేలూ విడదీసింది. చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు. చూపుడు వేలు దాకా వచ్చేసరికి చిటికెన వేలు మళ్ళీ మూసుకుంది. గదిలో అందరూ ఆమె వైపే చూస్తున్నారు. చప్పట్టు చరవడానికి ఆమె చేతులు రాలేదు. పిల్ల చేతుల మీద తన చేతులు వేసి, తనూ గట్టిగా పట్టుకుని కూర్చుంది.